ప్రెస్ ఆన్ గోళ్ల ఆల్బమ్: సెట్టు చెదరకుండా నిలుపుతుందా?

ప్రెస్ ఆన్ గోళ్లు, అంటే సొంత గోళ్ల మీద అతికించుకుని మళ్లీ తీసేయగల కృత్రిమ గోళ్లు, దాచుకునే సామగ్రి కొనేవారు సాధారణంగా మూత తెరవగానే సెట్లన్నీ ఎంత అందంగా కనిపిస్తాయో చూస్తారు. నా దృష్టిలో ముందు చూడవలసింది వేరే ఉంది. వేళ్ల నుంచి ఊడదీసిన పది గోళ్లు, ఏ వేలిది ఆ వేలి చోటికి, తడుముకోవలసిన పని లేకుండా తిరిగి చేరుతున్నాయా అన్నదే ఆ విషయం. ఒక సెట్టు మళ్లీ పనికివస్తుందా, లేక డబ్బా అడుగున జత తప్పిన గోళ్ల కుప్పలో కలిసిపోతుందా అన్నది తేలేది ఆ కొద్ది నిమిషాల్లోనే. ఈ మధ్య తరచుగా కనిపిస్తున్న రింగుల ఆల్బమ్‌ను ఈ కొలతతోనే పరిశీలించాను. దానికి పోటీగా నిలిచే అరల పెట్టె సంగతిని అవసరమైన చోట ప్రస్తావిస్తాను.

ఆల్బమ్ అరచేతికి కొంచెం మించిన పరిమాణంలో, గట్టి అట్టతో, మూడు వైపులా జిప్పుతో ఉంటుంది. లోపల రింగులకు తగిలించిన పారదర్శకమైన పలకలు ఉంటాయి. ఒక్కో పలక మీద అయిదేసి చోట్ల చొప్పున రెండు వరుసలు, ప్రతి చోటా ఒక గుండ్రటి జిగురు చుక్క. పై వరుస ఎడమ చేతికి, కింది వరుస కుడి చేతికి అనుకుంటే ఒక పలకకు ఒక పూర్తి సెట్టు సరిపోతుంది. వెనుక అట్టకు కుట్టిన వల సంచిలో గ్లూ గొట్టం, గోళ్లు అరగదీసే ఫైలు, గోటి మొదలు దగ్గరి చర్మాన్ని నెట్టే క్యూటికల్ పుల్ల పెట్టుకోవచ్చని తయారీదారు సూచన. ఇదే అచ్చు ఆల్బమ్ వేర్వేరు పేర్లతో దొరుకుతుంది కనుక పేరు చెప్పడం వల్ల చదువరికి ఒరిగేదేమీ లేదు. నిర్మాణాన్ని గుర్తుపడితే చాలు.

వరుసకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ప్రెస్ ఆన్ గోళ్లు పైకి ఒకేలా కనిపించినా ఒకసారి వాడిన తరువాత ఏ రెండూ ఒకటి కావు. యంత్రాల మీద తయారై వచ్చే పెట్టెలో సాధారణంగా 12 కొలతల్లో రెండేసి చొప్పున 24 గోళ్లు, కొన్నిటిలో 15 కొలతల్లో 30 గోళ్లు ఉంటాయి. కొలతను తెలిపే చిన్న అంకె చాలా రకాల్లో గోటి లోపలి వైపున అచ్చై ఉంటుంది. గోరంతా కప్పే జెల్ టిప్పులకైతే 0 అన్నది బొటనవేలికి సరిపోయే పెద్ద కొలత, అంకె పెరిగే కొద్దీ టిప్పు చిన్నదవుతుంది. కొత్తగా ఉన్నప్పుడు ఒకే అంకె గల రెండు గోళ్లను అటూ ఇటూ మార్చుకోవచ్చు. కానీ మొదటిసారి పెట్టుకునేటప్పుడు మన గోటి మొదలు వంపుకు తగినట్టు అంచును అరగదీస్తాము, పక్క అంచులను ఒకవైపు కొంచెం ఎక్కువ, మరోవైపు కొంచెం తక్కువ సవరిస్తాము, పొడవు తగ్గిస్తాము. అక్కడి నుంచి ఎడమ ఉంగరపువేలి గోరు ఎడమ ఉంగరపువేలిదే. దాన్ని కుడి చేతికి పెడితే ఒక పక్క చర్మం మీదికి ఎక్కుతుంది, మరో పక్క సందు మిగులుతుంది. ఆ సందులోనే వెంట్రుకలు చిక్కుకుంటాయి, నీరు చేరుతుంది, గోరు అనుకున్న దానికంటే ముందే లేచిపోతుంది. పైగా అంకె కొన వైపు అచ్చై ఉంటే పొడవు తగ్గించినప్పుడు అది కూడా అరిగిపోతుంది. అప్పుడు మనకు గుర్తుగా మిగిలేది ఆ గోరు ఉన్న చోటు ఒక్కటే.

ఈ విషయంలో ఆల్బమ్ నిజంగా మెచ్చదగినది. పది చోట్లు స్థిరంగా ఉండడం వల్ల గోరు ఊడిరాగానే దాన్ని తన చోట పెట్టవచ్చు, ఏది ఏ వేలిదో తరువాత ఆలోచించుకోవలసిన పని ఉండదు. ఒక గోరు తప్పిపోతే ఖాళీ చోటు వెంటనే కంటబడుతుంది. అరల పెట్టెలో ఈ సౌకర్యం లేదు. అక్కడ పది గోళ్లు ఒక అరలో కలిసిపోతాయి, తొమ్మిదే ఉన్నాయన్న సంగతి మళ్లీ పెట్టుకోవడానికి కూర్చున్నప్పుడు గానీ తెలియదు.

అయితే పలక పారదర్శకం కావడంలో ఒక చిక్కు ఉంది. దాన్ని తిరగేసి వెనుక వైపు నుంచి చూస్తే వరుస అద్దంలో ప్రతిబింబంలా తారుమారవుతుంది. బొటనవేలు ఉండవలసిన చివర చిటికెనవేలు కనిపిస్తుంది. రింగుల పుస్తకంలో పలకలను రెండు వైపుల నుంచీ తిరగేస్తూ ఉంటాము కనుక ఈ తారుమారు తరచుగా ఎదురవుతుంది. తయారీదారు పలక మూలలో చేతి బొమ్మ గానీ, ఎడమ కుడి గుర్తులు గానీ అచ్చు వేసి ఉంటే సరిపోయేది. అవి లేవు కనుక, ప్రతి పలకకు పై మూలలో ఒక చిన్న కాగితపు చీటీ అంటించి ‘ఎడమ’ అని రాసుకోవాలి. చీటీ చదవగలిగే వైపే గోళ్లు పెట్టే వైపు అని నియమం పెట్టుకుంటే ఈ గందరగోళం తీరిపోతుంది.

ఆల్బమ్‌లో అన్నిటికంటే బలహీనమైన భాగం జిగురు చుక్కలు. గోటి లోపలి వైపు వంపుగా ఉంటుంది, పలక చదునుగా ఉంటుంది. కాబట్టి గోరు పలకను తాకేది రెండు పక్క అంచుల దగ్గర మాత్రమే, మధ్యలో ఖాళీ ఉంటుంది. చుక్క పలచగా ఉంటే ఆ ఖాళీని దాటి గోటిని అందుకోలేదు, మందంగా ఉంటే గోటి వంపులోకి ఎక్కి గట్టిగా పట్టుకుంటుంది. ఈ ఆల్బమ్‌తో వచ్చేవి మందమైన చుక్కలు. గోటిని లేపినప్పుడు చుక్క పలక మీద నిలవకుండా గోటితోనే వచ్చేస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే వంపు లోపల సన్నటి పొర, దాని అంచు చుట్టూ అంటుకున్న దుమ్ము, దుస్తుల నూగు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ పొర మీదే కొత్త గ్లూ వేస్తే గ్లూ పట్టేది గోటిని కాదు, దుమ్ము పట్టిన ఆ పొరనే. దాచుకోవడానికి వాడిన జిగురే పెట్టుకోవడానికి అడ్డుపడడం ఈ సామగ్రి విషయంలో నాకు ఎంతమాత్రం నచ్చని సంగతి.

దీనికి విరుగుడు ఉంది. వచ్చిన చుక్కలను తీసేసి, వాటి స్థానంలో కడిగితే మళ్లీ పట్టు వచ్చే పారదర్శకమైన జెల్ టేపును చిన్న ముక్కలుగా కత్తిరించి అతికించాలి. ఆ టేపు పలకను గట్టిగా, గోటిని తేలికగా పట్టుకునేలా చేయడానికి పై ముఖాన్ని వేలితో రెండు మూడు సార్లు తాకి పట్టు కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. గోళ్ల మీద బొమ్మలు వేసేటప్పుడు టిప్పును నిలబెట్టడానికి వాడే మైనం లాంటి ముద్దను కొందరు వాడతారు. అది కొద్దిసేపటికి బాగానే ఉంటుంది కానీ, ఎక్కువ కాలం ఉంచితే లోపలి వైపు జిడ్డు మరక దిగుతుంది. గోటిని తీసేటప్పుడు మొదలు అంచు పట్టి పైకి లాగకూడదు. ఆ అంచును చర్మంతో కలిసిపోయేలా బాగా పలచగా అరగదీసి ఉంటాము కనుక చీలిక అక్కడే మొదలవుతుంది. పక్క అంచు కింద క్యూటికల్ పుల్ల దూర్చి, గోటిని పక్కకు వంచినట్టుగా లేపితే టేపు పట్టు నెమ్మదిగా వదులుతుంది.

రెండో లోపం పలకల మధ్య ఎడం. రింగులు పలకలను చాలా దగ్గరగా ఉంచుతాయి. ఆల్బమ్ సగం నిండినప్పుడు ఇబ్బంది లేదు, అన్ని పలకలూ నిండిన తరువాత జిప్పు వేస్తే ఒక పలక వీపు కింది పలక మీది గోళ్లను నొక్కుతుంది. గోటి నడిమి ఎత్తు మీద పడిన ఒత్తిడి పక్క అంచులను వెలుపలికి తోస్తుంది. గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ గోళ్లు దీన్ని తట్టుకుంటాయి గానీ, సాఫ్ట్ జెల్ గోళ్లు నిదానంగా వంపు కోల్పోయి చదునవుతాయి. అలా చదునైన గోరు సొంత గోటి వంపుతో కలవదు, పెట్టుకున్నా పక్కల నుంచి లేస్తుంది. గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ఉంచి వేళ్లతో వంపును కొంతవరకు తిరిగి తేవచ్చు. అయినా దాచుకునే వస్తువు వల్లనే ఆ పని మీద పడడం న్యాయం కాదు.

ఒత్తిడి కంటే ముందుగా కంటికి తెలిసేది రాపిడి. క్రోమ్ పూత ఉన్న గోళ్లలో ఆ మెరుపు అంతా చివరన పూసే పారదర్శకమైన టాప్ కోట్ కింద ఉన్న అతి పలచని పొడి పొరది. పలక తిరగేసిన ప్రతిసారీ పై పలక అడుగు భాగం గోటి నడిమి ఎత్తును ఒకే చోట రాస్తుంది. మొదట అక్కడ గీతలు పడి మెరుపు మందగిస్తుంది, తరువాత నెలవంక ఆకారంలో ఒక మచ్చ ఏర్పడి లోపలి రంగు తొంగిచూస్తుంది. చెమ్కీ రాళ్లు, జెల్‌తో పోసిన పువ్వులు ఉన్న గోళ్లకైతే పరిస్థితి ఇంకా కష్టం, రాయి అంచు పక్క పలకకు తగులుకుని కదిలిపోతుంది. ఎత్తైన అలంకరణ ఉన్న సెట్టు ఉన్న చోట తరువాతి పలకను తీసేసి ఖాళీ వదలాలి, లేదా పలక నాలుగు మూలల్లో మందమైన నురగ ముక్కలు అతికించి ఎడం పెంచాలి. రెండో పద్ధతి బాగా పనిచేస్తుంది. కానీ దానితో ఆల్బమ్‌లో పట్టే సెట్ల సంఖ్య దాదాపు సగానికి పడిపోతుంది, కొనేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

పలకలు ఏ ప్లాస్టిక్‌తో చేసినవన్నది అమ్మకపు వివరాల్లో అరుదుగా రాస్తారు, నిజానికి గోళ్ల ఆయుష్షు దాని మీద చాలా వరకు ఆధారపడి ఉంటుంది. ఇలాంటి ఆల్బమ్‌లలో పలకలు రెండు రకాలు, గట్టి పలకలు, మెత్తటి జేబులు. మెత్తటి జేబులు చాలా వాటిలో పీవీసీతో చేసినవి. పీవీసీకి ఆ మెత్తదనం వచ్చేది అందులో కలిపే ప్లాస్టిసైజర్ల వల్ల. అవి ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడి ఉండవు కనుక కాలక్రమంలో పైకి వచ్చి, తాకి ఉన్న మరో ప్లాస్టిక్‌లోకి పాకుతాయి. ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌ను అవి మెత్తబరచగలవు. ఎక్కువ కాలం అలాంటి జేబులో ఉన్న గోటి మీద జిడ్డుగా, వేలికి అంటుకునేలా ఒక పొర ఏర్పడేది ఇందువల్లనే, పైన పూసిన రంగు జేబుకు అతుక్కుపోయే అవకాశం కూడా ఉంది. తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన కొడితే, జేబు వేలికి కొంచెం జిగటగా తగిలితే అది చాలావరకు పీవీసీయే అనుకోవచ్చు.

ప్లాస్టిక్ వస్తువుల అడుగున త్రికోణంలో కనిపించే అంకె ఇక్కడ అక్కరకొస్తుంది. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ప్రవేశపెట్టిన ఈ గుర్తుల్లో 3 అంటే పీవీసీ, 5 అంటే పాలీప్రొపిలీన్, 6 అంటే పాలీస్టైరీన్. గోళ్లకు నేను కోరుకునేది 5. పాలీప్రొపిలీన్‌లో మెత్తదనం కోసం ప్లాస్టిసైజర్లు కలపనక్కర్లేదు, గోళ్ల పనిలో తరచుగా ఒలికే అసిటోన్‌ను అది తట్టుకుంటుంది, మూత మడత దగ్గర ఎన్నిసార్లు వంచినా తేలిగ్గా విరగదు. పాలీస్టైరీన్ అద్దంలా మెరుస్తుంది కానీ పెళుసు, అసిటోన్ చుక్క పడితే ఆ చోట కరిగి తెల్లబడుతుంది. ఈ ఆల్బమ్ పలకలు గట్టి యాక్రిలిక్. గోళ్లకు వాటి వల్ల హాని లేదు. అయితే యాక్రిలిక్‌ను స్పిరిట్‌తో తుడవడం మంచిది కాదు, వంపు ఉన్న చోట్ల, రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. పలకలను సబ్బు నీటితో కడిగి మెత్తటి బట్టతో అద్దుకోవాలి. స్పిరిట్‌ను గోటి లోపలి వైపుకే పరిమితం చేయాలి.

వెనుక అట్టలోని వల సంచి గురించి గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అందులో గ్లూ గొట్టం పెట్టకండి. నెయిల్ గ్లూ అంటే సయనోయాక్రిలేట్. గాలిలోని తేమ తగలగానే గట్టిపడడం దాని గుణం, దాని ఆవిరికి కూడా అదే గుణం ఉంది. మూత సరిగా పడని గొట్టం నుంచి వెలువడిన ఆవిరి, జిప్పు వేసిన ఇరుకు చోటులో ఎటూ పోలేక, చుట్టుపక్కల ఉన్న నున్నటి ఉపరితలాల మీద వాలి తెల్లటి మంచు పొరలా గట్టిపడుతుంది. ముదురు రంగుల గోళ్ల మీద, ముఖ్యంగా నలుపు మీద, ఆ తెల్లదనం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తుడిస్తే పోదు, టాప్ కోట్‌ను పైపైన అరగదీసి మళ్లీ పూయాలి. గొట్టం పగిలి గ్లూ కారితే జరిగే నష్టం సరేసరి. గ్లూను విడిగా, నిలువుగా, చల్లటి పొడి చోట ఉంచితే గ్లూ కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. సంచిలో ఫైలు, పుల్ల, గ్లూకు బదులు వాడే, రెండు వైపులా అంటుకునే ట్యాబుల అట్ట పెట్టుకోవచ్చు. అంత ఆలోచించి కుట్టిన సంచిలో గ్లూకు చోటు చూపించడం మాత్రం తయారీదారు చేసిన పెద్ద పొరపాటు.

ఏ ఆల్బమ్ అయినా, ఏ పెట్టె అయినా, అందులోకి వెళ్లే గోరు ముందు శుభ్రంగా, పూర్తిగా ఆరి ఉండాలి. ట్యాబులతో పెట్టుకున్న గోళ్లకు ఈ పని తేలిక. సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో వేళ్లు ముంచి, పక్కల నుంచి పుల్లతో లేపితే ఊడివస్తాయి. ట్యాబును వేలితో దొర్లిస్తే ఒకే ముక్కగా వచ్చేస్తుంది. గ్లూతో పెట్టుకున్న వాటి లోపల గట్టిపడిన గ్లూ పెచ్చులు మిగులుతాయి. వాటిని మెత్తటి ఫైలుతో నెమ్మదిగా అరగదీయాలి తప్ప అసిటోన్ జోలికి పోకూడదు. అసిటోన్ గ్లూను కరిగిస్తుందన్నది నిజమే, కానీ ఏబీఎస్ గోటిని కూడా అంతే సులభంగా కరిగిస్తుంది, జెల్ గోటిని ఉబ్బించి మెత్తబరుస్తుంది. పెచ్చులు పూర్తిగా పోవాలన్న పట్టుదల కూడా వద్దు. వంపు నున్నగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంటే చాలు. అదే పనిగా గీకితే గోరు పలచబడి నడిమధ్యలో చీలుతుంది.

తరువాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, నూగు రాలని చిన్న బట్టతో లోపలి వైపు తుడవాలి. ఇంకా గాఢమైన స్పిరిట్ కంటే 70 శాతానిదే సూక్ష్మజీవుల మీద బాగా పనిచేస్తుంది, అందులోని నీరు అది ఆవిరయ్యే వేగాన్ని తగ్గించి పని చేసే సమయం ఇస్తుంది. తుడిచిన గోళ్లను లోపలి వైపు పైకి ఉండేలా బట్ట మీద పరిచి గాలికి ఆరనివ్వాలి. బోర్లిస్తే కింద తడి నిలిచిపోతుంది. ఆల్బమ్‌కు ఎక్కడా గాలి రంధ్రాలు లేవు కనుక ఈ జాగ్రత్త ఇక్కడ రెట్టింపు అవసరం. తడి నిలిచిన చోట సూడోమోనాస్ బ్యాక్టీరియా పెరుగుతుంది. కృత్రిమ గోటికీ సొంత గోటికీ మధ్య తేమ చిక్కినప్పుడు గోటిని ఆకుపచ్చగా మార్చేది ఇదే. సొంత గోటి మీద ఆకుపచ్చ మరక గానీ, చుట్టూ ఎరుపు, నొప్పి గానీ కనిపిస్తే ఆ సెట్టు ఎంత ఇష్టమైనదైనా తిరిగి ఆల్బమ్‌లో పెట్టకుండా పారవేయాలి, గోటిని వైద్యుడికి చూపించాలి. అదే కారణంతో ఒకరు పెట్టుకున్న సెట్టును మరొకరు పెట్టుకోవడం కూడా తగదు. ఒక చిన్న సిలికా జెల్ పొట్లం ఆ వల సంచిలో వేస్తే, గ్లూకు బదులు అక్కడ ఉండదగిన వస్తువు ఉన్నట్టవుతుంది.

ఇక అరల పెట్టె. గట్టి మూత, కదిలించగల అడ్డుగోడలు ఉన్న ఈ పెట్టెలు గోళ్ల కోసం ప్రత్యేకంగా చేసినవి కావు. పూసలు, చిన్న మేకులు దాచడానికి కూడా వీటినే వాడతారు. నొక్కుడు లేకపోవడం వీటి పెద్ద గుణం, ఎత్తైన పువ్వులున్న గోరు కూడా అరలో హాయిగా పడుకుంటుంది. కానీ కదిలించిన ప్రతిసారీ గోళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, వరుస అసలే నిలవదు. అర అడుగున మెత్తటి నురగ పరిచి, ప్రతి సెట్టును ముందుగా ఒక చిన్న పలక మీద వరుసగా అతికించి, ఆ పలకను అరలో దింపితే రెండు లోపాలూ తీరుతాయి. కొన్ని పెట్టెలు ఇలా సొరుగుల్లా లాగే పలకలతోనే వస్తున్నాయి. ఆల్బమ్ కంటే చోటు ఎక్కువ తీసుకుంటాయి గానీ, రాళ్లు, పువ్వులు, క్రోమ్ ఎక్కువగా ఉన్న సేకరణకు నేను వాటినే ఎంచుకుంటాను. మాత్రలు పెట్టుకునే వారపు డబ్బాలు, లెన్సుల డబ్బాలు ప్రయాణంలో ఒక సెట్టుకు సరిపోతాయి, సేకరణకు పనికిరావు.

ఆల్బమ్ గానీ, సొరుగుల పెట్టె గానీ పట్టించుకోని సంగతి మిగులు గోళ్లది. 24 గోళ్ల పెట్టెలో మనకు సరిపోయేవి పది, మిగిలేవి పద్నాలుగు. వాటిని పారేయడం సరికాదు. ఒక గోరు పగిలినా, పోయినా, సెట్టును నిలబెట్టేవి అవే, వేళ్లు కొంచెం ఉబ్బే రోజుల్లో పక్క కొలత కావలసివచ్చినా ఆదుకునేవి అవే. సెట్టు వారీగా దాచితే చోటు చాలదు. కొలత వారీగా దాచడమే మేలు. అంకెల ప్రకారం గుర్తులు వేసిన చిన్న అరల డబ్బా ఒకటి విడిగా పెట్టుకుంటే, ఏ సెట్టులోనైనా ఒక గోరు తగ్గినప్పుడు కొలత సరిపోయేది తీసుకుని రంగు పూసుకోవచ్చు. రంగు అక్షరాలా కలవాల్సిన సెట్లకు మాత్రం మిగులు గోళ్లను చిన్న పొట్లంలో వేసి అదే పలక వెనుక అంటించుకోవాలి. ఆల్బమ్ పలక వెనుక భాగం ఆ పనికి చక్కగా ఉపయోగపడుతుంది, నురగ ముక్కలతో ఎడం పెంచి ఉంటే మరీ.

చీటీల విషయంలో కొంచెం ఓపిక పట్టడం లాభిస్తుంది. సెట్టు పేరు లేదా రంగు కంటే, అది ట్యాబులతో పెట్టుకున్నదా గ్లూతోనా, చివరిసారి ఎప్పుడు తీశాము, ఏ గోటికి టాప్ కోట్ మళ్లీ వేయాలి అన్నవే తరువాత అక్కరకొచ్చే వివరాలు. గ్లూతో వాడిన సెట్టు లోపలి వైపు ప్రతిసారీ కొంచెం పలచబడుతుంది. ఆ సంగతి చీటీ మీద ఉంటే తరువాతి సారి ఫైలు చేయి తగ్గించి, వీలైతే ట్యాబులకు మారవచ్చు.

పొడవైన ఆకారాలు వాడేవారికి ఒక హెచ్చరిక. పలక మీది చోట్లు మధ్యస్థమైన పొడవుకు లెక్కవేసి పెట్టినవి. బాదం ఆకారం, చదరపు ఆకారం గోళ్లు పొందికగా అమరుతాయి. పొడవైన కాఫిన్ (సన్నబడి కొన చదునుగా ఉండేవి), స్టిలెటో (సూదిలా మొనదేలినవి) గోళ్లు పెడితే పై వరుస కొనలు కింది వరుస మొదళ్ల మీదికి వస్తాయి, అతి సున్నితమైన ఆ కొనే ముందు విరుగుతుంది. అలాంటి సెట్టును రెండు పలకలకు పంచి, మధ్యలో ఒక వరుస వదిలేయడం తప్ప మరో మార్గం లేదు.

అట్ట మందంగా, ముదురు రంగులో ఉండడం నాకు నచ్చింది. పారదర్శకమైన మూతల పెట్టెలు అల్మారా పైన పెడితే చూడముచ్చటగా ఉంటాయి కానీ, వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు ఏబీఎస్‌ను, చాలా రకాల టాప్ కోట్లను పసుపు రంగుకు తిప్పుతాయి, నియాన్ రంగులను వెలవెలబోయేలా చేస్తాయి. తెలుపు, పారదర్శక ఫ్రెంచ్ సెట్లలో ఆ పసుపు ముందుగా బయటపడుతుంది. ఈ ఆల్బమ్ మూసి ఉన్నంతసేపు లోపల చీకటే. వేడి సంగతి వేరు. ఎండలో నిలిపిన వాహనంలో వదిలేస్తే అట్ట కాపాడలేదు, సాఫ్ట్ జెల్ వంపు మారిపోతుంది, టేపు జిగురు కరిగి జారుతుంది.

అలంకరణ తక్కువగా ఉండి, నున్నటి జెల్ రంగులు, మధ్యస్థ పొడవు, ట్యాబులతో వాడకం ప్రధానంగా ఉన్నవారికి ఈ ఆల్బమ్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను, జిగురు చుక్కలు మార్చుకోవాలన్న షరతుతో. కొనే ముందు రింగుల మధ్య దూరం కూడా చూడండి. ఆరు రింగుల ఏ6 నోటు పుస్తకాలకు వాడే సాధారణ కొలతలో ఉంటే, పలకలు పగిలినా, సేకరణ పెరిగినా, అదే కొలతలో దొరికే పాలీప్రొపిలీన్ పలకలను తెచ్చి తగిలించుకోవచ్చు. సొంత కొలతల రింగులున్న రకం అయితే ఒక పలక విరిగిన రోజు మొత్తం ఆల్బమ్‌ను మార్చవలసివస్తుంది. నేను చూసిన వాటిలో రెండు రకాలూ ఉన్నాయి, బయటి అట్టను చూసి వాటిని వేరు చేయడం సాధ్యం కాదు, అమ్మేవారిని అడిగి రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం తెలుసుకున్న తరువాతే తీసుకోండి.